రుచి చూపుటకు వెల యెంత?

పరదేశపు పట్టణములలో ఇప్పుడొక క్రొత్త వృత్తి బయలుదేరినది. ఆ యూర పుట్టి పెరిగినవారొకరు, క్రొత్తగా వచ్చినవారిని వెంటబెట్టుకొని సంతలోనికిని, అంగళ్ళలోనికిని, భోజనశాలలలోనికిని తీసికొనిపోయి, ఇది తినుడు, దీనిని మా యవ్వలు చలికాలమున చేసెడివారు, దీనికీ పేరిట్లు వచ్చినది అని చెప్పుచు మూడు నాలుగు గంటలు త్రిప్పుదురు. అందులకు రుసుము పుచ్చుకొందురు. పదిమందిని గూర్చి గుంపుగా నడిపించుట చౌక. ఒక్క కుటుంబమునకే ప్రత్యేకముగా చూపుట ప్రియము. దీనిని రుచియాత్ర యనవచ్చునని నాకు తోచుచున్నది. ఈ సంగతి మొదట విన్నప్పుడు మా యత్తగారు చేతనున్న చేటను ప్రక్కకు బెట్టి, "తిండికి తోవ చూపించినందుక్కూడా డబ్బు తీసుకుంటారా, ఎక్కడి చోద్యమే!" అనిరి.

చోద్యమే కావచ్చును గాని క్రొత్తది మాత్రము కాదు. నాకు చదువు చెప్పినవారు మా తాతగారు. కావ్యములన్నియు ఆయన యరుగుమీదనే చదివితిని. క్రీడాభిరామము చెప్పునపుడు ఆయన కొన్ని పుటలు గబగబ త్రిప్పివేసెడివారు. ఆ పుటలు తరువాత నేనే చదువుకొంటిని, అది వేరుమాట. ఆ గ్రంథమున పెద్ద కథ యేమియు లేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిద్దరు స్నేహితులు ఓరుగంటి వీధుల వెంబడి తిరుగుచు కనబడిన దానినెల్ల చెప్పుకొనుచుందురు. నడుమ ఆకలి యగును. అప్పుడు ఒక పూటకూటింట, ఒక్క రూకకు, సన్నని యన్నము, గోధుమ పిండివంట, చక్కెర, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు పదార్థములు, గడ్డపెరుగు దొరకునని వచ్చును. వెల యెంతయో, ఎవరి యింటనో కూడ చెప్పబడినది. ఇది రుచియాత్ర గాక మరేమి? త్రోవ చూపినవానికి రుసుము ముట్టినట్లు మాత్రము వ్రాయలేదు.

నిరుటి వేసవిలో మా చెల్లెలి పురుటికి నేను ఫ్రాన్సుదేశమందలి లియాన్ పట్టణమునకు పోవలసి వచ్చెను. మా తల్లి గతించి ఆరేండ్లయినది. తల్లి చేయవలసిన పనిని అక్క చేయుట మన యిండ్లలో ఉన్నదే. మా యమ్మాయిని అత్తగారి కప్పగించి, శొంఠి, పిప్పళ్ళు, వాము, ఇంగువ, పాత చింతపండు మూటగట్టుకొని విమాన మెక్కితిని. చేరినది మొదలు నేను చూచిన దేశమంతయు మా చెల్లెలి వంటగదియు, దాని కిటికీలోనుండి కనబడు ఒక నదియు మాత్రమే. ఆ యూరికి రెండు నదులు గలవు, రోనునది, సోనునది. ఊరి దక్షిణపు కొనను రెండును కలియును. మూడవది ద్రాక్షసారాయి నది యని అచ్చటివారి హాస్యము. మనకు ప్రయాగలో సరస్వతి అంతర్వాహిని. వారి సరస్వతి సీసాలలో ప్రవహించునన్నమాట.

బిడ్డకు నలువదవ దినము గడచిన పిమ్మట నా మరది, "వదినగారూ, మీరు వచ్చి పొయ్యి తప్ప ఈ ఊరు చూడలేదు" అని, నా కొరకొక ప్రత్యేక రుచియాత్ర నేర్పాటు చేసెను. వెల వినినంతనే వల దంటిని. అది మా యింట మూడు నెలల వెచ్చము. కట్టిన సొమ్ము తిరిగి రాదని తెలిసిన మీదట పోక తప్పినది కాదు. మరది దుబాసిగా వెంట వచ్చెను.

మాకు దారి చూప వచ్చినది యాబదియేండ్ల స్త్రీ. మడమలు లేని జోళ్ళు తొడిగికొని, చేత ఒక గంప పట్టుకొని, మన పెద్దసంతకు పోవు ఇల్లాలివలె నుండెను. నమస్కారములయిన వెంటనే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "మీరు ఏవి తినరు?" అని. ఏవి తిందురని కాదు. మాంసము, చేపలు, గ్రుడ్లు ముట్టమని చెప్పితిని. ఆమె జేబులోనుండి ఒక కాగితము తీసి, వ్రాసికొని వచ్చినవానిలో ముప్పాతిక వంతు కొట్టివేసెను. ఆ యూరి పేరెన్నిక గన్న వంటకములలో అనేకము పంది పేగులతోను, పశువుల కడుపుతోను, చేపలతోను చేయునవి. విసుగుకొనునేమో యని చూచితిని. విసుగు లేదు సరిగదా, చదరంగమున క్రొత్త యెత్తు దొరకిన దానివలె ఆమెకు హుషారు పుట్టెను.

మొదట కప్పుగల పెద్ద అంగడివీధికి పోతిమి. పాల్ బొక్యూజ్ అను ప్రసిద్ధుడైన వంటవాని పేర దానిని పిలుతురు. ఆయన 2018లో గతించెను. అచ్చట చీజుల కొట్లే ఒక వరుస. పాలతో చేసినవే గదా యని నేను చేయి చాపబోవుచుండగా ఆమె నిలిపి, "ఆగుడు, ఇవి మీకు పనికిరావు" అనెను. పాలు గట్టిపడుటకు లేగదూడ కడుపునుండి తీసిన యొక రసమును కలుపుదురట. పూర్వసంప్రదాయపు చీజులలో చాల వరకు అట్లే చేయుదురట. మన పిల్లలు శాకాహారమని చెప్పి అచ్చట తినుచున్న వానిలో ఇది యెంతయున్నదో! మరది మొగము చిన్నబోయెను. అతడు నాలుగేండ్లుగా తినుచున్నాడు. ఆమె కొట్టు కొట్టుకును పోయి విచారించి, తుదకు మొక్కల రసముతో తోడుపెట్టినది ఒక్కటి వెదకి తెచ్చెను. దాని వాసన చెప్పకుండుటయే మేలు. రుచి మాత్రము మన పులిసిన గడ్డపెరుగునకు పెద్దక్క.

తరువాత ఎఱ్ఱని చక్కెర పాకము పట్టించిన బాదముపప్పు. దీనిని ప్రాలీను లందురు. ఆ యూరి మిఠాయి దుకాణములన్నిట కుప్పలు పోసి యుండును. ఈ సారి నేనే అడిగితిని, ఆ యెఱుపు ఎక్కడి దని. ఆమె నా భుజము తట్టి నవ్వెను. ఒకవిధపు పురుగులను ఎండబెట్టి తీసిన రంగు అనేకులు వాడుదురు, బీటుదుంప రసము వాడువారును కలరు. రెండవ తెగవారి దుకాణము ఆమె యెరుగును. అచ్చటనే తింటిమి. ఇంటివారికి గూడ ఒక పొట్లము కొంటిని.

ఆ చక్కెర మనము వాడు చెరకు చక్కెర కాదు. చలిదేశమున చెరకు పండదు. 1747లో బెర్లిన్ నగరమున మార్గ్రాఫ్ అను శాస్త్రజ్ఞుడు ఒకవిధపు దుంపలో చక్కెర కలదని కనిపెట్టెను. తరువాత ఆంగ్లేయుల నౌకలు దారి యడ్డగించి, దీవుల నుండి చెరకు చక్కెర రాకుండ చేయగా, 1811లో నెపోలియన్ చక్రవర్తి ఆ దుంప పైరును ప్రోత్సహించెను. అంతకుముందు వారు తినిన తీపి అంతయు దీవులలో బానిసల చెమట. ఆమె ఈ మాటలు దాచక చెప్పెను. నేను నా వంతుగా, వారి "సూక్ర్" అను మాట మన "శర్కర" యే నని, అరబ్బుల నోట "సుక్కర్" అయి వారికి చేరినదని చెప్పితిని. ఆమె వెంటనే కాగితము తీసి వ్రాసికొనెను. చదువుకొన్న చదువు ఒక్కొక్కప్పు డెచ్చట అక్కరకు వచ్చునో తెలియదు.

పిదప ఒక కొండ యెక్కితిమి. అది పూర్వము పట్టునేతవారి పేట. 1804లో జకార్డ్ కనిపెట్టిన మగ్గము చాల పొడవైనది గనుక, దానికి తగినట్లు ఇండ్ల గోడలును రెండు నిలువుల యెత్తు కట్టిరి. ఆ నేతవారి బీద వంటక మొకటి గలదు. గట్టి పెరుగులో వెల్లుల్లి, ఉల్లికాడలు, ఉప్పు, మిరియాలు కలిపి రొట్టెతో తిందురు. దాని పేరు "నేతగాని మెదడు". తొలుత వినినపుడు ఉలికిపడితిని. అది మెదడు కాదు, నేతగానిదియు కాదు. మన పెరుగుపచ్చడికి దూరపు చుట్టము. నా కొరకు ఆమె ముందుగనే చెప్పి, ఇంట తోడుపెట్టిన పెరుగును వడగట్టించి చేయించినదట. రొట్టెతోపాటు ఆవపిండి ముద్దయు పెట్టిరి. దీజాన్ అను ఊరి పేరుమీద అది లోకమంతట ప్రసిద్ధము. నాలుకకు తగిలినంతనే ముక్కులోనికి ఎక్కెను. కండ్లనీరు వచ్చినది గాని, ఆ నీరు ఘాటువలన మాత్రమే వచ్చినదని చెప్పజాలను. మా యమ్మ పనసపొట్టు కూరలో ఆవ పెట్టిన దినమున ఇల్లంతయు అదే వాసన.

నేనింతవరకు వ్రాసిన దంతయు తిండి. నాలో నిలిచినది వేరు. ఒక పాత భోజనశాల ముందు ఆమె నిలిచి, ఆ యూరి "తల్లుల" కథ చెప్పెను. పూర్వము ధనికుల యిండ్లలో వంటచేయు స్త్రీలు, ఆ కొలువులు పోయినప్పుడు, తమ చేతి వంటనే నమ్ముకొని చిన్న చిన్న భోజనశాలలు తెరచిరి. వారిని జనులు పేరు పెట్టి పిలువక తల్లి యని పిలిచిరి. వారిలో యూజెనీ బ్రాజియే 1895లో పల్లెటూర పుట్టినది. చిన్నతనమున తల్లి పోయెను. పెండ్లి కాకుండ బిడ్డను కన్నదని తండ్రి ఇల్లు వెడలగొట్టెను. ఆమె పట్టణము చేరి, దాసీపని చేసి, వంట నేర్చి, 1921లో స్వంతముగా భోజనశాల పెట్టెను. 1933లో ఆ దేశపు భోజనశాలలకు తారతమ్యము నిర్ణయించు మిషెలిన్ వారు ఆమె రెండు శాలలకును మూడేసి చొప్పున ఆరు నక్షత్రము లిచ్చిరి. అట్టి గౌరవము అంతకుముం దెవరికిని రాలేదు. ఆ అంగడివీధికి పేరయిన పాల్ బొక్యూజ్ కూడ ఆమె వంటశాలలో పని నేర్చినవాడే.

ఇది వినుచుండగా నాకు మన పూటకూళ్ళమ్మ జ్ఞాపకము వచ్చెను. 1897లో అచ్చయిన కన్యాశుల్కము మా ప్రాంతపు నాటకము. విజయనగరము మాకు ఎంతో దూరము కాదు. అందు పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పట్టినదని అందరమును నవ్వుదుము. ఆమె చేత అన్నము తినినవారెందరో, ఆమె లెక్క యెగవేసినవారెందరో మన మెన్నడైన తలచితిమా? నిలువ నీడలేని స్త్రీకి ఆ కాలమున మిగిలిన యొక్క స్వతంత్రవృత్తి అది. అన్నము అమ్ముట పాపమని శాస్త్రము చెప్పును. ఆ పాపపుటన్నము తినినవారికి పాపము లేదు కాబోలు, అమ్మినదానికే! ఒకవైపున డొక్కా సీతమ్మగారు. 1841 మొదలు 1909 వరకు జీవించి, గోదావరి లంకలలో వేళగాని వేళ వచ్చినవారికెల్ల వండి పెట్టిన ఆ తల్లి పేరనే 2024 నుండి మా వారి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. ఆమె యెదుట ఎవరైనను చేతులు జోడింపవలసినదే. కాని సీతమ్మగారికి పొలములు గలవు, అండగా నిలిచిన భర్త గలడు. పొలము లేనిదానికి చేతివంట మాత్రమే యున్నచో ఆమె యేమి చేయవలెను?

విడిపోవునపుడు ఆ స్త్రీ, "మీ యూరికి వచ్చిన నాకేమి చూపుదురు?" అని మర్యాదకై అడిగెను. నేను మర్యాదకై యూరకొనక అరగంట చెప్పితిని. మా కొండల అరకు కాఫీ సంగతియు వచ్చినది. పారిస్‌లో 2017లో దానికి ప్రత్యేకముగా దుకాణము తెరచిరి గనుక ఆ పేరు ఆమె వినియుండెను. అంతటితో ఆ మాట మరచితిని.

మార్గశిరమున ఉత్తరము వచ్చెను. ఆమెయు భర్తయు జనవరిలో విశాఖపట్టణము మీదుగా అరకు పోవుచున్నారు. ఒకదినము నేను వారికి మా యూరు చూపవలెను. రుసుము ఎంతయో తెలుపవలెను. ఈ చివరి వాక్యమే మా యింట తగవు పెట్టెను. నేను రుసుము వలదని వ్రాయగా, ఆమె మరల వ్రాసినది నాకు కంఠస్థము: మీ యొద్ద నేను పుచ్చుకొంటిని. నా యొద్ద మీరు పుచ్చుకొననిచో, నేను చేయునది పనియు, మీరు చేయునది పని కానిదియు నగును. అట్లని మీ యభిప్రాయమా?

దీనికి ప్రత్యుత్తరము తోచలేదు. మా వారు పాఠశాల ఉపాధ్యాయులు. ఏ ప్రశ్నకైనను రెండు పక్షములు చెప్పి, తీర్పు పిల్లలకు వదలుట ఆయన యలవాటు. ఇచ్చటను అట్లే చేసిరి. అత్తగారు మాత్రము పట్టుబట్టిరి. గడప దాటి వచ్చినవాడు అతిథి. అతిథికి అన్నము పెట్టి చేయి చాపిన యిల్లు ఆ వంశమున లేదు. "మీ మామగారు ఉన్న రోజుల్లో ఈ మాట ఎత్తగలిగేదానివా?" అని ఆమె యనినప్పుడు నిజముగనే నాకు బాధ కలిగెను. నాకు ముప్పదియారేండ్లు. పదునాలుగేండ్లుగా ఆ యింట వండుచున్నాను. ఒక్క రూపాయియైనను ఇది నాది అని నేను తెచ్చి పెట్టినది లేదు. తేవలెనని యెవరును అడుగలేదు, అది నిజము. అడుగకుండుటయే ఒక్కొక్కప్పుడు బరువు. మూడు దినములు మేమిద్దరము పప్పు ఉప్పు మాటలు తప్ప మాటాడలేదు. నాలుగవనాడు బియ్యము ఏరుచు ఆమె తనంతట తానే అనిరి: "నడిచినదానికి పుచ్చుకో. పెట్టినదానికి పుచ్చుకోకు." ధర్మశాస్త్రములు నాలుగు మూలలు వెదకినను ఇంత తేట తీర్పు దొరకునని నేననుకొనను.

వారు సంక్రాంతి వెళ్ళిన పదవనాడు వచ్చిరి. మా చోడవరము 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. అంతకు ముందు విశాఖపట్టణము జిల్లా. పేరునకు అర్థమేమని ఆమె అడిగెను. చోడరాజుల పేరు కావచ్చునంటిని. మా ప్రాంతమున రాగులను చోళ్ళందురు గనుక చిన్నప్పుడు నేను ఇది చోళ్ళవరమే యనుకొనెడిదాననని కూడ చెప్పితిని. రెండవదియే ఆమె వ్రాసికొనెను.

తెల్లవారుజామునే అనకాపల్లి బెల్లపు బజారునకు తీసికొనిపోతిని. దేశమున ఉత్తరప్రదేశమందలి హాపూరు తరువాత ఇదే పెద్దదని చెప్పుదురు. వరుసలు వరుసలుగా పేర్చిన దిమ్మలు, తేనెరంగువి, గోధుమరంగువి, నల్లనివి. వర్తకులు చూపుతోనే వెల కట్టుచుందురు. తెల్లనిదానికి వెల హెచ్చు, నల్లనిదానికి తక్కువ. ఇది విపరీతముగా నున్నదే యని ఆమె భర్త యనెను. విపరీతమే. పాకము తెలుపెక్కుటకు హైడ్రోసు అను గంధకపు మందు పొడి చల్లుదురు. బెల్లము నల్లగ నున్నచో మురికియని మనము వెనుదీయుదుము. కొనునది మనమే, రంగు చూచి యెంచునది మనమే; రైతును అనుట ఎందులకు? మా యింట మాత్రము అత్తగారి పుణ్యమా యని నల్ల బెల్లమే.

తిరుగుదారిలో ఒక గానుగ దగ్గర ఆగితిమి. అనకాపల్లిలో 1913లో స్థాపించిన చెరకు పరిశోధనాక్షేత్రము గలదు. 87ఏ298 అను రకము అచ్చటిదే. దానికి విశ్వామిత్ర యని పేరు పెట్టిరి. క్రొత్త చెరకును సృష్టించినందుకు ఆ పేరు తగును. గానుగలో చెరకు నలిగి రసము పెద్ద పెనములోనికి పోవును. క్రింద ఎండిన పిప్పియే వంటచెరకు. తన పిప్పితో తానే ఉడుకుట చెరకునకే చెల్లినది. సున్నపుతేట పోయగానే మడ్డి పైకి తేలును. దానిని జల్లితో తీసివేయుదురు. కొందరు బెండకాడల జిగురును వాడుదురు. టన్ను చెరకునకు నూరు కిలోలకు అటు ఇటుగా బెల్లము దిగును. పాకము వచ్చినది లేనిది నీళ్ళలో చుక్క వేసి చూతురు. ఇది మన యాడవారికి తెలిసిన పరీక్షయే. పిప్పి ఎండబోయుట, మోయుట, పొయ్యికి ఎగదోయుట స్త్రీల పని. వారిలో ఒకామె వేడి బెల్లమును చెరకుముక్కకు చుట్టి ఆ దొరసానికి ఇచ్చెను. ఆమె అది తినుచు చాలసేపు మాటాడలేదు. మా దుంప చక్కెరకు తీపి యొక్కటే యున్నది, దీనికి మట్టి యున్నది అనెను. ఇప్పుడు చెరకు సాగు తగ్గుచున్నది, కూలీలు దొరకరు, మునుపు చలికాలపు రాత్రి ఏ దిక్కు చూచినను గానుగ మంటలు కనబడెడివి. ఇవియు చెప్పితిని. దారి చూపువారు మంచి మాటలే చెప్పవలెనని ఆమె నాకు నేర్పలేదు.

మధ్యాహ్నము ఇంట భోజనము. ఆ పూట పొయ్యి దగ్గరకు నన్ను రానీయక అత్తగారే అన్నియు చేసిరి. చోడి యంబలి, కందిపప్పు, చారు, పండుగనాటి అరిసెలు, కొత్త బెల్లముతో పరమాన్నము, కాల్చిన తేగలు. నడుమ పనసపొట్టు ఆవపెట్టిన కూర. ఆవ నూరి ఎప్పుడు కలుపుదురని ఆమె అడిగెను. కూర దించి, ఆవిరి తగ్గిన తరువాతనే యని అత్తగారు చెప్పిరి. పొయ్యిమీద కలిపినచో ఘాటు చచ్చి చేదు మిగులును. ఆమె చేయి చరచి, మా దీజాన్ ఆవకును అదే నియమము, వేడి తగిలిన ఘాటు పోవుననెను. భాష యెరుగని యిద్దరు ముసలివారు కానున్న స్త్రీలు ఆవగింజల గిన్నెపై వంగి, చేతి సైగలతో పావుగంట ముచ్చటించుకొనిరి. దుబాసిగా నాకు పని లేకపోయెను. అత్తగారు ఆమెకు కొసరి కొసరి వడ్డించుటయు, ఆమె ఆకుమీద చేయి యడ్డముపెట్టుట తెలియక అన్నియు తినుటయు తలచిన ఇప్పటికిని నవ్వు వచ్చును.

సాయంకాలము మాడుగుల పోతిమి. కొండల క్రింది చిన్న ఊరు. హల్వా వలన పేరు పొందినది. 1890 ప్రాంతమున దంగేటి ధర్మారావుగారు మొదలుపెట్టిరని చెప్పుదురు. గోధుమలను మూడుదినములు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలు నిలువబెట్టి, పిదప పాకములో పోసి కట్టెలపొయ్యిపై గంటలకొలది కలియబెట్టుదురు. నేయి, జీడిపప్పు, బాదముపప్పు చేరును. తెడ్డు త్రిప్పువాని భుజములను చూచినచో హల్వా వెల యెక్కువ యనిపించదు. క్రొత్త యల్లుళ్ళకును, బాలింతలకును మా వైపు దీనిని పంపుట మర్యాద. లియాన్‌లోని మా చెల్లెలికి ఒక డబ్బా వారితో పంపితిని.

ఇంటికి వచ్చి, ఆమె ఒక కవరు నా చేతి కిచ్చెను. మా వారి చేతికి కాదు. అయిదువేల రూపాయలు. అందులో వేయి గానుగ దగ్గరి స్త్రీలకు మరునాడే ఇచ్చి వచ్చితిని. మా కొరకు వారు పని నిలిపిరి. వారి నిలిచిన గంటకు గూడ వెల గలదు గదా. తక్కినది నా పేర ఖాతా తెరచి వేసితిని. దరఖాస్తులో వృత్తి యనుచోట ఏమి వ్రాయవలెనని మా వారు కలము పట్టుకొని నిలిచిరి. ఆ గడి నేనే నింపితిని. ఏమి వ్రాసితినో ఆయన చదివి, ఏ పక్షమును చెప్పక సంతకము చేయుటకు చోటు చూపిరి.

మొన్న చైత్రమున ఆమె స్నేహితురాండ్రిద్దరి వద్దనుండి జాబు వచ్చెను. వచ్చు సంక్రాంతికి వత్తురట. రుసుము ఎంత చెప్పుట న్యాయమో యని మా వారు ఇంకను ఆలోచించుచున్నారు. నేను ఆరువేలని వ్రాసి పంపితిని. జాబు అంటించుచుండగా అత్తగారు వంటింటినుండి, "వాళ్ళేం తినరో ముందే అడుగు" అనిరి. కవరు విప్పి, ఆ మాట క్రింద చేర్చితిని.